చెత్తను తిరిగి వాడితే ఊరి గాలి బాగుపడుతుందా?

హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు తెల్లవారకముందే లారీలు వచ్చేస్తాయి. బేరాలు ముగిసి పొద్దెక్కేసరికి షాపుల ముందు క్యాబేజీ ఆకులు, చితికిపోయిన టమాటాలు, కుళ్లిన సొరకాయలు గుట్టలుగా మిగులుతాయి. రోజుకు సుమారు 10 టన్నులు. ఒకప్పుడు ఇదంతా డంపింగ్ యార్డు దారే పట్టేది. మార్కెట్ ఆవరణలోనే బయోగ్యాస్ ప్లాంటు పెట్టాక ఆ దారి మారింది. కూరగాయల చెత్త యంత్రంలో ముక్కలై, గుజ్జుగా మారి, గాలి చొరబడని ట్యాంకులోకి వెళ్తుంది. అక్కడ సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. అందులోంచి వచ్చే గ్యాస్‌తో రోజుకు 500 యూనిట్ల దాకా కరెంటు తయారవుతుంది. మార్కెట్ దీపాలకు, నీటి మోటార్లకు ఆ కరెంటే వాడారు. మరో 30 కిలోల గ్యాస్ క్యాంటీన్ పొయ్యికి వెళ్లింది. ఈ డిజైన్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలది. 2021 జనవరిలో ప్రధాని తన రేడియో ప్రసంగంలో ప్రస్తావించాక ఈ ప్లాంటు దేశమంతా తెలిసింది.

అప్పట్లో అందరూ కరెంటు గురించే మాట్లాడారు. 500 యూనిట్లంటే హైదరాబాద్ వాడకంలో ఆవగింజంత కూడా కాదు. దీనివల్ల ఒరిగిన అసలు మేలు వేరే ఉంది. ఆ 10 టన్నుల తడి చెత్త లారీలెక్కి నగరం దాటలేదు, కాబట్టి ఆ డీజిల్ పొగ లేదు. డంపింగ్ యార్డులో ప్లాస్టిక్ కింద పడి మురగలేదు, కాబట్టి మీథేన్ అనే మండే గ్యాస్ లేదు. ఆ మీథేన్ ఎండాకాలంలో అంటుకోలేదు. ఈ మూడింటినీ ఏ మీటరూ లెక్కపెట్టదు. జరగని పొగకు బిల్లు ఉండదు.

సర్క్యులర్ ఎకానమీ అనే మాట ఇప్పుడు మున్సిపల్ ఆఫీసుల్లోనూ, బడ్జెట్ ప్రసంగాల్లోనూ తరచుగా వినపడుతోంది. తవ్వి తీసి, తయారుచేసి, వాడి, పారేసే పద్ధతికి బదులు వస్తువును మళ్లీ మళ్లీ వాడకంలోకి తిప్పడం దాని అర్థం. తెలుగు పల్లెకు ఇది కొత్తేమీ కాదు. ఇంటింటికీ ఒక పెంటకుప్ప ఉండేది. పేడ, ఊడ్చిన చెత్త, పొయ్యిలో బూడిద అన్నీ అందులో పడేవి. తొలకరికి ముందు బండెక్కి పొలానికి పోయేవి. పెంటకుప్పకు నిప్పు పెట్టే రైతు ఉండడు, ఎందుకంటే అది ఎరువు, అంటే డబ్బు. నగరంలో చెత్తకు నిప్పు పెట్టేది అది ఎవరికీ అక్కరలేనిది కాబట్టి. చెత్త విధానాలకు, ఊరి గాలికి ఉన్న సంబంధమంతా ఈ తేడాలోనే ఉంది. వ్యర్థానికి విలువ వచ్చి మంట తప్పిన చోట గాలి బాగుపడుతుంది. విధానం పేరు ఎంత బాగున్నా, మంటను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడమే జరిగితే మాత్రం పొగ పీల్చే మనుషులు మారతారు, అంతే.

వీధి చివరి మంట

నగరాల గాలి గురించి మాట్లాడేటప్పుడు వాహనాలు, ఫ్యాక్టరీలు ముందు గుర్తొస్తాయి. చెత్త మంట చిన్న విషయంలా కనపడుతుంది. లెక్కలు చూస్తే అలా లేదు. ప్రపంచం మొత్తం మీద పుట్టే చెత్తలో దాదాపు 41 శాతం ఆరుబయట తగలబడుతోందని 2014లో ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. మనిషి చేసే పనుల వల్ల గాలిలోకి వచ్చే సన్నని ధూళిలో దాని వాటా 29 శాతం దాకా ఉంటుందని కూడా తేల్చింది. ఢిల్లీ వీధుల్లో పరిశోధకులు తిరిగి, కాలుతున్న కుప్పలను లెక్కపెట్టి, రోజుకు 190 నుంచి 246 టన్నుల చెత్త ఇలా బూడిదవుతోందని 2015లో చెప్పారు. ఇది నగరం చెత్తలో 2, 3 శాతమే. కానీ ఆ పొగ చిమ్నీ ఎత్తునుంచి కాక నేల మీద, ఇళ్ల గుమ్మాల దగ్గర పుడుతుంది. పేదలు ఉండే బస్తీల్లో ఈ మంటలు ఎక్కువగా కనపడ్డాయని కూడా ఆ అధ్యయనం చూపింది. చెత్త బండి సరిగా రాని చోటే కుప్ప పడుతుంది, కుప్ప పడిన చోటే అగ్గిపుల్ల పడుతుంది.

ఈ మంట ఎందుకు ఇంత చెడ్డదో తెలియాలంటే దాని వేడి చూడాలి. వీధి కుప్ప నిదానంగా, తక్కువ వేడితో, గాలి సరిగా ఆడక కాలుతుంది. పైన మంట కనపడకపోయినా లోపల గంటల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. సగం సగం కాలిన ప్లాస్టిక్, తడి ఆకులు, గుడ్డపేలికల నుంచి వచ్చే పొగలో పీఎం 2.5 అనే అతి సన్నని కణాలు ఉంటాయి. అవి ముక్కులో ఆగకుండా ఊపిరితిత్తుల లోతుకు, అక్కడి నుంచి రక్తంలోకి వెళ్తాయి. పీవీసీ పైపు ముక్కలు, రెగ్జిన్, వైర్ల తొడుగులు అందులో ఉంటే క్లోరిన్ వల్ల డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయి. డయాక్సిన్లు శరీరంలోని కొవ్వులో చేరితే ఏళ్ల తరబడి పోవు. పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశ ప్రమాణం 40.

2016 డిసెంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆరుబయట చెత్త తగలబెట్టడాన్ని దేశమంతటా నిషేధించింది. మామూలు మంటకు 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 రూపాయల జరిమానా పెట్టింది. ఆ తర్వాత మంటలు ఆగాయా అంటే, ఏ నగరంలోనైనా డిసెంబర్ నెలలో పొద్దున 6 గంటలకు రోడ్డు మీదికి వెళ్లి చూస్తే చాలు. రాలిన ఆకులు, చాయ్ కప్పులు, కవర్లు ఊడ్చి చెట్టు మొదట్లో కుప్ప పోసి ఉంటాయి. ఊడ్చిన మనిషికి ఒక వీధి కాదు, నాలుగైదు వీధులు అప్పజెప్పి ఉంటారు. కుప్పను ఎత్తుకుపోయే ఆటో ఆ రోజు వస్తుందో రాదో తెలియదు. సూపర్‌వైజర్ వచ్చేసరికి రోడ్డు శుభ్రంగా కనపడాలి. చలి కూడా వేస్తుంటుంది. అగ్గిపెట్టె ఆ సమస్యలన్నిటికీ ఒకేసారి సమాధానం. అలాంటి మనిషికి జరిమానా రాసి గాలి బాగుచేయగలమనుకోవడం పొరపాటు. ఆకులకు ఒక గోతం, ఆ గోతం ఎత్తడానికి ఒక బండి, అది చేరడానికి పార్కులో ఒక కంపోస్టు గుంట ఉంటే ఆ మంట లేదు. సర్క్యులర్ ఎకానమీ అనే పెద్ద మాట, వీధి స్థాయిలో ఈ మూడు వస్తువులే.

చలికాలం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ నెలల్లో నేలను ఆనుకుని ఉన్న చల్లగాలి మీద వెచ్చగాలి మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోదు, పక్కకూ పోదు. వర్షాకాలంలో పట్టించుకోనక్కర్లేనట్టు కనపడే చిన్న మంట జనవరిలో వీధంతా పరుచుకుంటుంది. భోగి కూడా అప్పుడే. పిడకలు, ఎండు కొమ్మలు, విరిగిన చెక్క సామాను వేసిన రోజుల్లో భోగి మంట ఒక రకం. పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, సోఫా స్పాంజ్ వేస్తే ఆ మంట పూర్తిగా వేరు. భోగికి ముందు వారం ఇళ్ల నుంచి పాత సామాను విడిగా సేకరించే ఏర్పాటు చేస్తే పండగకు ఏ లోటూ రాదు, గాలికి ఎంతో మేలు.

డంపింగ్ యార్డు నిప్పు

2022 ఏప్రిల్ 26 సాయంత్రం ఢిల్లీ భల్స్వా డంపింగ్ యార్డు అంటుకుంది. మర్నాడు చెన్నై పెరుంగుడి యార్డు అంటుకుంది. రెండు ఊళ్ల మధ్య దాదాపు 2,000 కిలోమీటర్ల దూరం. కారణం ఒకటే. తడి చెత్త, పొడి చెత్త కలిపి కుప్ప పోస్తే, అడుగున గాలి తగలని తడి చెత్త మురిగి మీథేన్ వదులుతుంది. కుప్ప లోపల వేడి పెరుగుతుంది. మీథేన్‌కు అంటుకునే గుణం, ప్లాస్టిక్‌కు కాలే గుణం, ఎండకు మిగతా పని. ఒకసారి లోపల నిప్పు పుడితే ఫైర్ ఇంజన్ నీళ్లు పైపైనే జారిపోతాయి. కుప్పను పొక్లెయిన్‌తో తవ్వి, పొరపొరగా విప్పి, మట్టి కప్పుతూ పోవాలి.

కొచ్చిలో 2023 మార్చి 2న బ్రహ్మపురం యార్డులో అదే జరిగింది. అక్కడ ఏళ్ల తరబడి పేరుకున్న ప్లాస్టిక్ దాదాపు 12 రోజులు కాలింది. అగ్నిమాపక దళంతో పాటు నౌకాదళం, వాయుసేన హెలికాప్టర్లు దిగాయి. నగరంలో మాస్కులు మళ్లీ వచ్చాయి, పిల్లలను బడికి పంపడం ఆపారు. ట్రిబ్యునల్ కొచ్చి నగరపాలక సంస్థకు 100 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కొచ్చి మామూలు రోజుల్లో సముద్రపు గాలి వీచే ఊరు, దేశంలో గాలి మెరుగ్గా ఉండే నగరాల్లో ఒకటి. ఒక్క యార్డు దాని పేరు మార్చేసింది. ఏడాది పొడవునా వచ్చిన సగటు అంకె చూస్తే ఆ 12 రోజులు కరిగిపోతాయి. ఆ పొగలో ఉన్న ఆస్తమా పిల్లలకు మాత్రం ఆ రోజులే లెక్క.

తడి చెత్తను ఇంట్లోనే వేరు చేయడం వల్ల గాలికి జరిగే మేలు ఇక్కడ అర్థమవుతుంది. తడి, పొడి వేరు చేయమని దేశ నిబంధనలు 2016లోనే చెప్పాయి. దీన్ని చాలామంది రీసైక్లింగ్ కోసం అనుకుంటారు. నిజానికి ఇది మంటను ఆపే పని. తడి చెత్త విడిగా పోతే కుప్పలో మీథేన్ పుట్టదు. తడి తగలని పొడి చెత్తకు స్క్రాప్ షాపులో రేటు వస్తుంది, కాబట్టి అది యార్డు దాకా పోదు. యార్డుకు మిగిలేది కొంచెమే, అదీ అంటుకోని రకం.

ఇందోర్ దీన్ని చేసి చూపించింది. ఇంటి దగ్గరే చెత్త వేరు చేయించడం మీద ఆ నగరపాలక సంస్థ ఏళ్ల తరబడి పట్టుబట్టింది. బండి దగ్గర సిబ్బంది నిలబడి, కలిపి ఇస్తే తీసుకోకుండా వెనక్కి పంపారు. దేవ్‌గురాడియా యార్డులో పేరుకున్న దాదాపు 13 లక్షల టన్నుల పాత చెత్తను తవ్వి, జల్లెడ పట్టి, మట్టి వేరు, ప్లాస్టిక్ వేరు, రాళ్లు వేరు చేసి నేలను ఖాళీ చేశారు. 2022 ఫిబ్రవరిలో అదే ప్రాంతంలో రోజుకు 550 టన్నుల తడి చెత్త తీసుకునే బయో సీఎన్‌జీ (వాహనాలకు వాడే బయోగ్యాస్) ప్లాంటు మొదలైంది. రోజుకు 17,000 కిలోల గ్యాస్ దాని సామర్థ్యం. అందులో కొంత సిటీ బస్సులకు వెళ్తుంది. యార్డు మంట పోవడం ఒకటి, డీజిల్ బదులు గ్యాస్‌తో బస్సు నడవడం ఇంకొకటి, గాలికి రెండు వైపుల నుంచీ లాభం. ఆ ప్లాంటు నడవడానికి అసలు కారణం అందులోని యంత్రం కాదు, లోపలికి వచ్చే చెత్త శుభ్రంగా ఉండటం. ఇలాంటి ప్లాంట్లు వేరే ఊళ్లలో మూతపడింది ఎక్కువగా ఇక్కడే: గాజు పెంకులు, గుడ్డలు, కవర్లు కలిసిన చెత్త పోస్తే పైపులు పూడిపోతాయి, సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

పెద్ద యంత్రం లేకుండా కూడా ఇది సాధ్యమని సూర్యాపేట రెండు దశాబ్దాల కిందటే చూపించింది. రోడ్డు మీద చెత్తకుండీలు తీసేసి, ఇంటింటికీ ట్రాక్టర్ తిప్పి, తడి చెత్తతో వానపాముల ఎరువు చేసి, పొడి చెత్త అమ్మి, కుండీ లేని పట్టణంగా పేరు తెచ్చుకుంది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి చూసిపోయారు. అప్పట్లో అక్కడి మున్సిపల్ కమిషనర్ చొరవ అందులో చాలా ఉంది. ఒక అధికారి చొరవ మీద నడిచే పద్ధతికి బదిలీ ఉత్తర్వు పెద్ద ప్రమాదం, అందుకే దాన్ని నిబంధనగా, బడ్జెట్‌గా, కాంట్రాక్టు షరతుగా మార్చాలి. ఆంధ్రప్రదేశ్‌లో చెత్త సేకరణకు ఇంటింటా వసూలు చేసిన రుసుము ‘చెత్త పన్ను’గా పేరుపడి, జనం కోపానికి గురై, 2024లో రద్దయింది. ఆ వసూలు సరైనదా కాదా అన్నది వేరే చర్చ. కానీ ఆ డబ్బు ఆగితే బండి డీజిల్‌కు, డ్రైవర్ జీతానికి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ప్రతి మున్సిపాలిటీ జవాబు చెప్పుకోవాల్సిందే. బండి ఆగిన వారం కుప్ప మళ్లీ వస్తుంది, కుప్ప వెనకే పొగ.

హైదరాబాద్ సంగతికి వస్తే, నగరం చెత్తంతా ఈశాన్య మూలన ఉన్న జవహర్‌నగర్‌కు చేరేది. అక్కడ పేరుకున్న గుట్టలో దాదాపు 1.2 కోట్ల టన్నులు ఉందని అధికారుల లెక్క. దాన్ని తవ్వి తీయకుండా, సర్ది, మట్టి పరిచి, ప్లాస్టిక్ షీటు కప్పి, గ్యాస్ బయటికి రావడానికి పైపులు దింపి మూసేశారు. తవ్వి తీయడం మేలా, కప్పడం మేలా అన్న వాదన ఇంకా ఉంది. గాలి వరకే చూస్తే కప్పడం వల్ల మంటల భయం బాగా తగ్గుతుంది, పైపుల్లో వచ్చే మీథేన్‌ను పట్టి వాడుకునే వీలు కూడా కలుగుతుంది. కింద నేలలోకి దిగే మురికి నీటి సమస్య మాత్రం అలాగే మిగులుతుంది. జవహర్‌నగర్ చుట్టుపక్కల కాలనీల వాళ్లు వాసన గురించి, బోరు నీళ్ల గురించి ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. నగరం దక్షిణం చివర పుట్టిన చెత్త రోజూ ఊరంతా దాటి అక్కడికి చేరాలంటే ఎన్ని టిప్పర్లు, ఎంత డీజిల్ కావాలో కూడా ఈ లెక్కలో చేర్చాలి. బోయిన్‌పల్లి తరహా చిన్న ప్లాంట్లు మార్కెట్‌కొకటి, పెద్ద హాస్టల్‌కొకటి, అపార్ట్‌మెంట్ల సముదాయానికొకటి కావాలనడానికి ఇదే బలమైన కారణం.

చెత్త నుంచి కరెంటు: ఇది చక్రమేనా?

జవహర్‌నగర్‌లోనే 2020లో 19.8 మెగావాట్ల ప్లాంటు మొదలైంది, తర్వాత సామర్థ్యం పెంచారు. ఆంధ్రలో గుంటూరు, విశాఖపట్నం దగ్గర ఇలాంటివే ఉన్నాయి. పొడి చెత్తను కాల్చి, ఆ వేడితో ఆవిరి, ఆవిరితో కరెంటు. ప్రభుత్వాలు వీటిని సర్క్యులర్ ఎకానమీ ఖాతాలో రాస్తాయి. సూటిగా చెప్పాలంటే ఇది చక్రం కాదు. కాలిపోయిన ప్లాస్టిక్ మళ్లీ వస్తువుగా తిరిగి రాదు. దేనికీ పనికిరాని మిగులును తగలబెట్టే పద్ధతి ఇది, ఆ మేరకే దీనికి చోటు ఉండాలి.

అలాగని ప్లాంటులో కాల్చడం, వీధిలో కాల్చడం ఒకటే అనడం కూడా తప్పు. ప్లాంటులో వేడి 850 డిగ్రీలు దాటితే, పొగ ఆ వేడిలో రెండు సెకన్లు ఉంటే, తర్వాత సున్నం, యాక్టివేటెడ్ కార్బన్, గుడ్డ ఫిల్టర్ల గుండా పోతే విషవాయువులు చాలావరకు తగ్గుతాయి. ఈ ‘అయితే’లన్నీ నిజమవుతాయా అన్నదే సమస్య. మన చెత్తలో తేమ ఎక్కువ. తడి చెత్త కలిస్తే వేడి పడిపోతుంది, వేడి పడిపోతే కాలడం సగంలో ఆగుతుంది, డయాక్సిన్లు అక్కడే పుడతాయి. 2016 నిబంధనలు డయాక్సిన్ పరిమితిని యూరప్‌తో సమానంగా ఘనపు మీటరుకు 0.1 నానోగ్రాముగా పెట్టాయి. ధూళి విషయంలో మాత్రం యూరప్ రోజు సగటు 10 మిల్లీగ్రాములైతే మన పరిమితి 50. ధూళిని చిమ్నీ దగ్గర నిమిష నిమిషానికీ కొలిచే పరికరాలు ఉంటాయి. డయాక్సిన్‌ను అలా కొలవరు. ఎప్పుడో ఒకసారి నమూనా తీసి ల్యాబుకు పంపుతారు. నమూనా తీసిన రోజు ప్లాంటు ఎలా నడిచింది, తీయని రోజుల్లో ఎలా నడుస్తోంది అన్న సందేహం పక్కింటి వాళ్లకు ఎప్పటికీ తీరదు. ఢిల్లీ ఓఖ్లా ప్లాంటు చుట్టూ ఉన్న కాలనీల వాళ్లు కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుతున్నది ఈ సందేహంతోనే.

ఇంకో చిక్కు ఉంది. ఇలాంటి ప్లాంటుకు రోజూ ఇన్ని టన్నుల చెత్త ఇస్తామని నగరం పాతికేళ్ల ఒప్పందం రాసిస్తుంది. బాగా కాలే అట్ట, ప్లాస్టిక్కే దానికి కావాలి. చెత్త ఏరుకునేవాళ్లకు, స్క్రాప్ షాపులకు బతుకుతెరువు కూడా సరిగ్గా అవే. నగరం చెత్త తగ్గించుకుంటే ప్లాంటు ఆకలితో ఉంటుంది. ఏ నగరమైనా ఈ ఒప్పందంలో సంతకం పెట్టేముందు, పదేళ్ల తర్వాత తడిపొడి వేరు చేయడం బాగా జరిగితే మిగిలే చెత్త ఎంత అన్న లెక్క వేసుకోవాలి. చాలా చోట్ల ఇవాళ వచ్చే మొత్తం చెత్తను చూసి ప్లాంటు సైజు తేలుస్తున్నారు.

కూల్చిన ఇల్లు, కాల్చని ఇటుక

పొగ తర్వాత దుమ్ము. హైదరాబాద్‌లో పాత ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కట్టని వీధి కనపడటం కష్టం. కూల్చిన గోడలు, స్లాబు ముక్కలు రాత్రి ట్రాక్టర్లలో వెళ్లి చెరువు గట్టునో, నాలా పక్కనో, ఖాళీ ప్లాటులోనో పడతాయి. చెరువు పూడుతుంది, మట్టి రోడ్డుకెక్కుతుంది, టైర్ల కింద నలిగి పిండి అవుతుంది, ప్రతి బస్సు వెనకా లేస్తుంది. ఢిల్లీ గాలి మీద ఐఐటీ కాన్పూర్ చేసిన అధ్యయనంలో పీఎం 10 అనే, పీఎం 2.5 కన్నా లావు కణాలు కూడా ఉండే ధూళిలో సగానికి పైగా రోడ్డు దుమ్మే అని తేలింది. ఆ రోడ్డు దుమ్ములో ఇలాంటి శిథిలాల వాటా ఉంటుంది.

జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో రోజుకు 500 టన్నుల చొప్పున తీసుకునే శిథిలాల రీసైక్లింగ్ ప్లాంట్లు 2020, 2021లలో మొదలయ్యాయి. ఇనుము తీసేసి, ముక్కలను నలిపి, నీళ్లతో కడిగి, జల్లెడ పట్టి కంకర, ఇసుక, పేవర్ టైల్స్ చేస్తారు. దీనివల్ల గాలికి రెండు లాభాలు. రోడ్డు పక్కన పడాల్సిన దుమ్ము పడదు. ఊరి శివార్లలో కొండలు పగలగొట్టి కంకర చేసే క్రషర్ల పని కొంత తగ్గుతుంది. ఒక్కసారి క్రషర్ పక్క ఊరికి వెళ్లి వేపచెట్టు ఆకులు చూస్తే ఆ రెండో లాభం విలువ తెలుస్తుంది: ఆకుపచ్చ రంగు కనపడదు, తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. రీసైక్లింగ్ ప్లాంటు కూడా క్రషరే, కాబట్టి నీటి జల్లు, షెడ్డు, కప్పిన కన్వేయర్ లేకపోతే అది కూడా కొత్త దుమ్ముకుప్పే అవుతుంది.

ఈ కంకర కొనేవాళ్లు ఏరి? దేశ ప్రమాణం ఐఎస్ 383 ప్రకారం 2016 నుంచి ఉక్కు లేని కాంక్రీటులో 25 శాతం దాకా, ఉక్కు కడ్డీలు వేసే ఆర్‌సీసీలో (ఎం 25 అనే బలం స్థాయి వరకు) 20 శాతం దాకా రీసైకిల్ కంకర వాడుకోవచ్చు. పునాది కింద వేసే పల్చని కాంక్రీటులో మొత్తం అదే వాడినా అభ్యంతరం లేదు. అయినా మేస్త్రీ నమ్మడు, ఇంటి యజమానికి భయం, ప్రభుత్వ ఇంజనీరు టెండర్‌లో రాయడు. అమ్ముడుపోని కంకర ప్లాంటు ఆవరణలో గుట్ట పడితే ప్లాంటు కొత్త శిథిలాలు తీసుకోదు, ట్రాక్టర్ మళ్లీ చెరువు గట్టుకే పోతుంది. ఫుట్‌పాత్ టైల్స్, రోడ్డు అడుగు పొరల్లో ఇంత శాతం ఇదే వాడాలని నగరపాలక సంస్థ తన టెండర్లలోనే రాస్తే ఈ ముడి వీడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో కొనుగోలుదారుడు దొరికిన ఉదాహరణ ఉంది, బూడిద ఇటుక. మన బొగ్గులో 30 నుంచి 40 శాతం బూడిదే. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి, ఎర్రగుంట్ల వైపు రాయలసీమ థర్మల్ కేంద్రం నుంచి వచ్చే బూడిద చెరువుల్లో పేరుకుంటుంది. ఎండాకాలం గాలి వీస్తే ఆరవేసిన బట్టల మీద, అన్నం కంచాల మీద పడుతుంది. ఆ బూడిదకు సున్నమో సిమెంటో, క్రషర్ పొడి కలిపి, యంత్రంలో నొక్కి, రెండు మూడు వారాలు నీళ్లు చల్లి ఆరబెడితే ఇటుక తయారు. బట్టీ లేదు. మట్టి ఇటుకను దాదాపు 1,000 డిగ్రీల వేడిలో బొగ్గు, ఊక, కట్టెలు వేసి రోజుల తరబడి కాల్చాలి. బూడిద ఇటుకతో ఆ పొగ మొత్తం తప్పుతుంది. పైగా పంట పొలం పైమట్టి మిగులుతుంది. థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల బట్టీలు ఇటుకలో బూడిద కలపాలని కేంద్రం 1999లోనే ఉత్తర్వు ఇచ్చింది, 2021 చివర్లో బూడిద మొత్తం వాడాల్సిందేనని నిబంధన బిగించింది. ఊరికి గాలి సంగతి మాత్రం చివరికి లారీ మీద ఆధారపడుతుంది. టార్పాలిన్ కట్టకుండా, తడపకుండా బూడిద ఎత్తిన లారీ దారి పొడవునా ఉన్న ఊళ్లకు థర్మల్ కేంద్రాన్ని మోసుకొస్తుంది.

రీసైక్లింగ్ పేరుతో పొగ

విధానాలు రాసేవాళ్లు సాధారణంగా దాటేసే భాగం ఇది. పాత వస్తువుకు విలువ వస్తే మంట తప్పుతుందని పైన చెప్పినదానికి ఒక మినహాయింపు ఉంది. కొన్ని వస్తువుల్లో ఆ విలువను మంటతోనే బయటికి తీస్తారు. రాగి తీగ అందులో మొదటిది. కరెంటు వైరు మీద తొడుగును కత్తితో గీసి లాగితే గంటకు కొన్ని కిలోలే అవుతాయి. చుట్టచుట్టి నిప్పు పెడితే పది నిమిషాల్లో తొడుగు మొత్తం కాలిపోయి, నల్లటి పొగ పోయాక ఎర్రటి రాగి మిగులుతుంది. కొనేవాడు కాల్చిన రాగికి, ఒలిచిన రాగికి రేటులో పెద్ద తేడా చూపించడు. ఢిల్లీ సీలంపూర్‌లో, ఉత్తరప్రదేశ్ మొరాదాబాద్‌లో ఇదొక పరిశ్రమ అయింది. పాత బ్యాటరీల సీసం పెరటి కొలిమిలో కరిగిస్తే సీసపు ఆవిరి పక్కింటి పిల్లల రక్తంలోకి వెళ్తుంది, చదువు మీద దెబ్బ కొడుతుంది. టైర్లను గాలి లేకుండా కాచి నూనె తీసే పైరాలసిస్ యూనిట్లు నాసిరకంగా నడిస్తే మసి, గంధకపు వాసన ఊరంతా పరుచుకుంటాయి. ఇలా నూనె తీయడం కోసం విదేశాల నుంచి పాత టైర్లు దిగుమతి చేసుకోవడాన్ని కేంద్రం 2022లో నిషేధించింది. ఇవన్నీ కాగితం మీద రీసైక్లింగే.

ఆ పని చేస్తున్నవాళ్లను తరిమేస్తే వాళ్లు ఇంకో బస్తీకి వెళ్తారు, మంట వాళ్ల వెంటే వెళ్తుంది. చేతితో తిప్పే వైరు ఒలిచే మెషిన్ చిన్న స్క్రాప్ షాపు కూడా కొనుక్కోగల వస్తువే. మున్సిపాలిటీ పొడి చెత్త కేంద్రంలో ఒక మెషిన్ పెట్టి, ఎవరైనా వచ్చి ఒలుచుకునే ఏర్పాటు చేస్తే, ఒలిచిన రాగికి కిలోకు కొంచెం ఎక్కువ రేటు ఇస్తే ఆ మంట ఆగిపోతుంది. ఈ-వ్యర్థాలకు 2022లో వచ్చిన కొత్త నిబంధనలు తయారీ కంపెనీల మీద బాధ్యత పెట్టాయి. ఆ కంపెనీలు కట్టే డబ్బు పెద్ద రీసైక్లర్ల దగ్గర ఆగిపోతోంది. వస్తువు నిజంగా చేరుతున్నది మాత్రం గల్లీలో కొనేవాడి దగ్గరికే.

డబ్బు ఎక్కడికి పోతోంది

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో దాదాపు 130 నగరాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు సహా 13, తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి. ఖర్చయిన డబ్బులో 64 శాతం రోడ్డు దుమ్ము పనులకే పోయిందని 2024లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ లెక్క తీసింది. చెత్త, బయోమాస్ మంటల నివారణకు వెళ్లింది 15 శాతం లోపే. దీనికి కారణం ఉంది. నగరాల పనితీరును పీఎం 10 అంకెతో కొలుస్తున్నారు. నిధులు ఆ అంకెతో ముడిపడ్డాయి. లారీతో నీళ్లు చల్లితే, యంత్రంతో ఊడిస్తే పీఎం 10 కొంత దిగుతుంది. చెత్త మంట పొగలో ఉండేది ఎక్కువగా పీఎం 2.5. దాన్ని తగ్గించినందుకు కమిషనర్‌కు మార్కులు పడవు. నగరాల శుభ్రతకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో చెత్త ఎన్ని టన్నులు ప్రాసెస్ చేశారో అడుగుతారు, గాలి కార్యక్రమంలో దుమ్ము ఎంత తగ్గిందో అడుగుతారు. చెత్త తగలబడటం ఎంత తగ్గిందన్న ప్రశ్న ఈ రెండు శాఖల నడుమ పడిపోయింది.

శాటిలైట్ దీన్ని తీర్చలేదు. మంటలను పట్టే విర్స్ అనే ఉపగ్రహ పరికరం చూపులో ఒక గడి సుమారు 375 మీటర్ల వెడల్పు. పంట వ్యర్థాలు కాలితే దానికి కనపడుతుంది, డంపింగ్ యార్డు కాలితే కనపడుతుంది. చెట్టు మొదట్లో కాలే ఆకుల కుప్ప కనపడదు. అది కనపడేది ఆ వీధిలో రోజూ తిరిగే పారిశుద్ధ్య కార్మికులకు, స్వచ్ఛ ఆటో డ్రైవర్లకు, పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లకు. ఇప్పటికే హాజరు తీసుకోవడానికి, చెత్త కుప్పల ఫొటోలు పంపడానికి వార్డు సిబ్బంది దగ్గర ఫోన్ యాప్‌లు ఉన్నాయి. వాటిలో ఇంకో పేజీ చేరిస్తే సరిపోతుంది: మంట ఎక్కడ పడింది, ఏ సమయంలో, ఆ రోజు ఆ వీధికి చెత్త బండి వచ్చిందా లేదా. దాన్ని జరిమానా రాయడానికి వాడితే ఎవరూ నింపరు. బండి రాని వీధులు ఏవో తెలుసుకోవడానికి వాడితే, రెండు చలికాలాలు తిరిగేసరికి ప్రతి వార్డుకూ తన పొగ పటం చేతిలో ఉంటుంది.